సగం చెవి, నిండు పాట



ఈ ప్రసంగాన్ని మీరు మీడియం వేవ్‌లో వింటున్నట్టయితే, నా గొంతు మొత్తంగా మీ దాకా రావడం లేదు. మీడియం వేవ్‌లో స్టేషనుకూ స్టేషనుకూ మధ్య ఉండే ఎడం 9 కిలోహెర్ట్జ్. ఆ ఇరుకులో సుమారు 4,500 హెర్ట్జ్ దాకా ఉన్న ధ్వనే ఇముడుతుంది. అంతకు పైనున్న సన్నని ధ్వనులు దారిలోనే రాలిపోతాయి. పడుచు వయసులో మనిషి చెవి 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా పట్టుకోగలదు. అంటే ఇన్నాళ్లూ రేడియో మనకు పాటలో పైభాగం తీసేసి, మిగిలిందే వినిపించింది.

అయినా ఎవరూ లోటనుకోలేదు. ఆ రేడియోలోనే ఘంటసాల పాట వింటూ అన్నం తిన్నారు. మొదటి అక్షరానికే భానుమతి గొంతు పోల్చుకున్నారు. సుశీల పాడుతుంటే చేతిలో పని ఆపి నిలబడ్డారు. ఇంకా వెనక్కి, గ్రామఫోను రోజులకు పోతే అక్కడ దొరికింది ఇంకా తక్కువ. 1925కు ముందు రికార్డింగుకు మైకు వాడేవారు కాదు. గాయకుడు పెద్ద గరాటా ముందు నిలబడి గొంతెత్తి పాడితే, ఆ అదురుకు సూది కదిలి గీత గీసేది. ప్లేటు మీదికి ఎక్కిన ధ్వని మీడియం వేవ్ రేడియో ఇచ్చేదానికంటే తక్కువే. గ్రామఫోను కాలంలో మన పెద్దలు నాటక పద్యాల ప్లేట్లు అరిగేదాకా విన్నారు, మళ్లీ మళ్లీ పెట్టించుకున్నారు. చెవికి అందింది కొంత. మిగతాది మనసు పూరించుకుంది.

నేను మేడ్చల్‌లో ఉంటాను. ఇక్కడి పారిశ్రామికవాడలో యంత్రాల మధ్య పనిచేసి రిటైరయ్యాను. రెండు చెవులకూ వినికిడి మిషన్లు పెట్టుకుంటాను. పాటలంటే ప్రాణం. వినికిడి తగ్గినవాళ్లు పాటను ఎలా దక్కించుకోవచ్చో ఈ కాస్త సమయంలో చెప్తాను. చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఒక్కటే. చెవి తగ్గినంతమాత్రాన పాట పోదు, కానీ దానంతట అది నిలవదు కూడా. మాట వినబడేలా చేయడం డాక్టర్లు మనం అడక్కుండానే చూస్తారు. పాట సంగతి మాత్రం మనం నోరు విప్పి అడిగితేనే ముందుకు వస్తుంది.

ముందు అసలు ఏం పోతుందో చూద్దాం. వినికిడి తగ్గడమంటే రేడియో వాల్యూమ్ తగ్గినట్టే అని చాలామంది అనుకుంటారు. చెవి కారి, కర్ణభేరికి చిల్లు పడ్డవాళ్ల విషయంలో చాలావరకు అది నిజమే. దారిలో అడ్డుపడుతోంది తప్ప లోపలి చెవి బాగానే ఉంటుంది. ధ్వని పెంచితే చాలు, పాట పాటలాగే వినబడుతుంది. కొందరికి ఆపరేషనుతో నయమవుతుంది కూడా. వయసు వల్లా, పెద్ద చప్పుళ్ల వల్లా వచ్చే చెవుడు అలాంటిది కాదు. అది లోపలి చెవిలో వస్తుంది.

లోపలి చెవిలో కాక్లియా అని ఒక చుట్ట ఉంది. దాన్ని విప్పి పరిచామనుకోండి, హార్మోనియం మెట్లు వరసగా పేర్చినట్టే ఉంటుంది. గుమ్మం దగ్గర పైస్థాయి ధ్వనులు, లోలోపలికి పోయినకొద్దీ మంద్రస్థాయి. ఆ మెట్ల మీద ధ్వనిని నరానికి అందించే రోమకణాలు ఒక్కో చెవిలో సుమారు 3,500. వాటికి తోడుగా, ధ్వనిని పెంచి ఇచ్చే కణాలు 12,000 దాకా ఉంటాయి. అవి ఒకసారి చచ్చిపోతే మనిషికి మళ్లీ పుట్టవు. పక్షులకు పుడతాయి. మా దగ్గరి శామీర్‌పేట చెరువు మీద వాలే పిట్టకు ఉన్న వరం మనకు లేదు. వయసుకైనా మోతకైనా మొదట దెబ్బతినేవి గుమ్మం వైపున్న పైస్థాయి మెట్లే. కార్ఖానాల్లో పనిచేసిన వాళ్ల ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్షలో గీసే పటం, చూడండి. 4,000 హెర్ట్జ్ దగ్గర గీత గోతిలో పడ్డట్టు కిందికి దిగుతుంది.

దీని ఫలితం మా ఊళ్లో అందరి నోటా వినే మాటే. "మాట ఇనవడ్తది గాని సమజ్ గాదు." ఎందుకంటే మాటలో అచ్చులు కిందిస్థాయిలో ఉంటాయి, బలంగా ఉంటాయి. స, శ, చ, త, క వంటి హల్లుల పదునంతా పైస్థాయిలో ఉంటుంది. అది జారిపోతే చారు, కారు, తారు మూడూ ఆరుగానే వినిపిస్తాయి. ఇంట్లోవాళ్లు గట్టిగా అరిస్తే ఆ 'ఆరు' మరింత పెద్దగా వినిపిస్తుంది తప్ప చారు చారు కాదు.

పాట దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క తిరగబడుతుంది. గాత్రంలో స్వరాల అసలు ధ్వని చాలావరకు 1,000 హెర్ట్జ్ లోపలే ఉంటుంది. ఒకటో శ్రుతిలో పాడే మగవాడి ఆధార షడ్జం 131 హెర్ట్జ్ దగ్గర. అయిదో శ్రుతిలో పాడే ఆడవారి షడ్జం 196 దగ్గర. తారస్థాయి దాకా పోయినా ఆ స్వరాలు పాడైపోయిన మెట్ల మీదికి ఎక్కవు. అందుకే మాట పూర్తిగా అందనివాళ్లకు కూడా రాగం అందుతుంది. మోహన ఎత్తుకుంటే మోహన అని తెలుస్తుంది. సాహిత్యం జారుతుంది, తంబురా మెరుపు తగ్గుతుంది, తాళాల గణగణ మసకబారుతుంది. పాటకు వెన్నెముక మాత్రం నిలిచే ఉంటుంది. చాలామందికి ఇంకా మిగిలి ఉన్న ఆస్తి ఇది. ఉందని తెలియక వాడుకోవడం మానేస్తున్నారు.

అలాగని ఇబ్బందులు లేవనను. లోపలి చెవి దెబ్బతిన్నవాళ్లకు చిన్న ధ్వని అందదు, పెద్ద ధ్వని భరించరానిదవుతుంది. రెండింటి మధ్య జాగా ఇరుకైపోతుంది. పల్లవి మెల్లగా ఎత్తుకున్నప్పుడు ఏమీ వినబడదు, వాద్యాలన్నీ కలిసేసరికి చెవులు మూసుకోవాలనిపిస్తుంది. ఇంకో చిత్రం, కొందరికి ఒకే స్వరం కుడి చెవిలో ఒక రకంగా, ఎడమ చెవిలో కొంచెం ఎత్తుగానో దిగువగానో వినిపిస్తుంది. గాయకుడు అపశ్రుతి పాడుతున్నాడని కచేరీ మధ్యలో లేచి వచ్చేసే పెద్దవాళ్లు ఉన్నారు. గాయకుడి శ్రుతి బాగానే ఉండి ఉండవచ్చు, శ్రుతి తప్పింది వీరి చెవి. అది తెలిస్తే సగం చిరాకు పోతుంది. ఒక్కో చెవిని విడిగా మూసి వింటే తేడా ఎవరికి వారే పట్టుకోవచ్చు.

ఇప్పుడు మిషను సంగతి. చెవి మిషను మాట కోసం తయారైన వస్తువు. మామూలు సంభాషణ గట్టిదనం 65 డెసిబెల్స్ చుట్టూ తిరుగుతుంది. మిషనులోని ఏర్పాట్లన్నీ దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవే. ఎడతెగకుండా ఒకే తీరుగా వచ్చే ధ్వని ఏదైనా మిషను దృష్టిలో ఫ్యాను చప్పుడు, వెంటనే తగ్గించేస్తుంది. తంబురా అలాగే కదా మోగుతుంది! పాపం దాన్నీ ఫ్యాను కిందే జమకట్టి అణిచేస్తుంది. సన్నగా సాగే ధ్వని వస్తే మిషను అది తన ఈలే అనుకుంటుంది. చెవిలో మిషను సరిగ్గా కూర్చోనప్పుడు వచ్చే కూత ఉంటుంది చూశారూ, దాన్ని ఆపే ఏర్పాటు అది. ఆ ఏర్పాటు వేణువు మీద పడితే, స్వరం నిలిపిన చోటల్లా గొంతు నొక్కినట్టు వణుకుతుంది, లేదా స్వరం ఆగిపోయాక కూడా వెనక ఒక కూత మిగులుతుంది. చిన్న ధ్వనిని పెంచి పెద్ద ధ్వనిని అణిచే ఏర్పాటు మాటకు మేలు చేస్తుంది, పాటలో ఎత్తుపల్లాలను చదును చేస్తుంది. కొన్ని మిషన్లలో పైస్థాయి ధ్వనిని కిందికి దించి వినిపించే ఏర్పాటు కూడా ఉంటుంది. అది స వినడానికి సాయపడుతుంది కానీ స్వరాన్ని దాని చోటి నుంచి కదిలిస్తుంది.

మరి దారేమిటి? వినికిడి పరీక్షించి మిషను సర్దే ఆడియాలజిస్టు దగ్గర కూర్చుని, "నాకు పాటల కోసం విడిగా ఒక ప్రోగ్రామ్ పెట్టండి" అని అడగాలి. ఇప్పుడు వస్తున్న డిజిటల్ మిషన్లలో ఒకటి కంటే ఎక్కువ ప్రోగ్రాములు పెట్టుకునే వీలు సాధారణంగా ఉంటుంది. ఆ పాటల ప్రోగ్రామ్‌లో చప్పుడు తగ్గించే ఏర్పాటు ఆపేయమనాలి. ఈల ఆపే ఏర్పాటును వీలైనంత తగ్గించమనాలి. ధ్వనిని కిందికి దించే ఏర్పాటు తీసేయమనాలి. మైకు ముందువైపు నుంచే కాకుండా అన్ని వైపుల నుంచీ వినేలా పెట్టమనాలి. పాట మధ్యలో మిషను తనంతట తాను ప్రోగ్రామ్ మార్చకుండా చూడమనాలి. ఇవన్నీ కంప్యూటర్ ముందు కూర్చుని చేసే సర్దుబాట్లు. వీటికి కొత్త మిషను కొననక్కర్లేదు. మనం అడగకపోతే ఆయన ఎందుకు చేస్తాడు? ఆయన ముందు మనం చెప్పిన ఫిర్యాదల్లా మనవడి మాట అర్థం కావడం లేదనే.

కెనడాలో మార్షల్ చాసిన్ అనే ఆడియాలజిస్టు ఉన్నారు. సంగీత విద్వాంసుల చెవుల మీద దశాబ్దాలుగా పనిచేసిన మనిషి. ఆయన చెప్పిన చిట్కాలు పైసా ఖర్చు లేనివి. ఒకటి, పాట వినేటప్పుడు రేడియో వాల్యూమ్ తగ్గించి మిషను వాల్యూమ్ పెంచండి. మనం చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. మిషనులోకి వెళ్లే ధ్వని ఒక హద్దు దాటితే లోపలే చెడిపోతుంది. చెడిపోయాక తర్వాత ఎంత సర్దినా బాగుపడదు. పాత మిషన్లలో ఆ హద్దు సుమారు 95 డెసిబెల్స్. సన్నాయి, డోలు దగ్గర్నుంచి వింటే వంద దాటుతాయి. అందుకే పెళ్లిళ్లలో మేళం మొదలవగానే మిషను గరగరమంటుంది. రెండో చిట్కా, కచేరీలోనో పెళ్లిలోనో ఉన్నప్పుడు మిషను మైకు రంధ్రాల మీద చిన్న సెల్లోటేపు ముక్క అంటించండి. లోపలికి పోయే ధ్వని పది డెసిబెల్స్ దాకా తగ్గుతుంది, గరగర పోతుంది. ఇంటికి వచ్చాక టేపు పీకేయండి.

ఇప్పటి మిషన్లు చాలావరకు ఫోనుతో నేరుగా కలుస్తాయి, పాట ఫోనులోంచి చెవిలోకే వస్తుంది. మేడ్చల్ వాళ్లకు ఇది పెద్ద సుఖం. ఒక పక్క నాగపూర్ హైవే లారీలు, ఇంకో పక్క రైలు కూత, హకీంపేట వైపు నుంచి విమానాల మోత. వీటి మధ్య గదిలో పెట్టిన రేడియో పాటను ఏరుకోవడం మంచి చెవులున్నవాళ్లకే కష్టం. అయితే ఒక మెలిక ఉంది. చెవిలోకి పోయే రబ్బరు టోపీకి రంధ్రాలుంటే మంద్రధ్వని బయటికి కారిపోతుంది. మృదంగం ఎడమవైపు గుంకీలు వినబడవు, పాట పేలవంగా ఉంటుంది. "ఫోనులో పాట బోలుగా ఉంది" అని చెబితే ఆడియాలజిస్టు రంధ్రాలు లేని టోపీ గానీ, చెవి అచ్చు తీసి చేసిన మోల్డు గానీ ఇస్తారు. తేడా అక్కడికక్కడే తెలుస్తుంది.

గది సంగతి కూడా ఆలోచించండి. ఇప్పటి ఇళ్లన్నీ సిమెంటు గోడలు, నున్నటి టైల్స్. ధ్వని గోడకు తగిలి మళ్లీ మళ్లీ తిరిగి వస్తుంది, ఒక స్వరం మీద ఇంకోటి పడుతుంది. కింద జంపఖానా పరిచి, కిటికీలకు మందం పరదాలు కట్టి, రేడియోకు దగ్గరగా కూర్చుంటే పాట తేటపడుతుంది.

ఇక ఏం వినాలన్నది. మొదట తెలిసిన పాటలే వినండి. కంఠతా వచ్చిన పాటలో రాలిపోయిన హల్లును మనసు దానికదే అందిస్తుంది. మిషను పెట్టుకున్న కొత్తలో కొత్త సినిమా పాట వేసుకుని, ఏమీ అర్థం కాలేదని మిషను డబ్బాలో పెట్టేసేవాళ్లు ఎందరో! చిన్ననాటి పాటతో మొదలుపెట్టాలి. వాద్యాలు తక్కువగా ఉన్నవి ముందు. వీణ ఒక్కటే వాయించిన రికార్డులు దీనికి చాలా అనుకూలం. మీటు పడిన క్షణం స్పష్టంగా తెలుస్తుంది, సాహిత్యం జారిపోయే బెడద లేదు. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు వాయించినవి వినండి. తర్వాత ఒక గొంతు, ఒక వయొలిను, ఒక మృదంగం. వాద్యబృందం, బృందగానం చివరికి ఉంచుకోండి. చెవికి వచ్చే కొత్త ధ్వనికి మెదడు అలవాటు పడడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. రోజూ కొంతసేపు, అదే పాట మళ్లీ మళ్లీ వింటే పదో రోజు వినబడేది మొదటి రోజు వినబడినది కాదు.

సాహిత్యం చేతిలో ఉంచుకోండి. వెనకటి రోజుల్లో సినిమా హాలు బయట పాటల పుస్తకం అమ్మేవారు. సగం కథ రాసి, శేషం వెండితెరపై అని ఆపేవారు. దానిలో పాటలు చూసుకుంటూ రేడియో వినేవాళ్లం. ఆ అలవాటు మళ్లీ తెచ్చుకుంటే వినికిడి తగ్గినవాళ్లకు అంతకంటే మేలైన మందు లేదు. కళ్లు అక్షరం మీద ఉంటే చెవి దాన్ని పట్టుకుంటుంది. ఇప్పుడు ఫోనులోనే సాహిత్యం దొరుకుతుంది.

కచేరీకి వెళ్తే కనిపించే చోట కూర్చోండి. మన సంగీతానికి ఉన్న సౌకర్యం ఇది. తాళం చేతితో వేస్తారు. ఆదితాళమో రూపకమో కంటితో చూడవచ్చు. మృదంగం మీద వేళ్లు కనిపిస్తాయి, గాయకుడి పెదవులు కనిపిస్తాయి. వెనక వరసలో, లౌడ్‌స్పీకరు పక్కన కూర్చుంటే వినబడుతుందనుకోవడం పొరపాటు. వినబడేది మోతే.

చెవుడు గురించి మన సామెత ఒకటుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏం కొరుకుతున్నావని అడిగాడట. ఆ సామెత కట్టినవాళ్లు ఆడియోగ్రామ్ చూడలేదు. శంఖనాదం కిందిస్థాయి ధ్వని, బలమైన ధ్వని. వయసుతో చెవులు మందగించినవాళ్లకు పక్కవాడి గుసగుస అందదు గానీ శంఖం చక్కగా వినబడుతుంది. చెవిటివాణ్ణి చూసి నవ్వడం మన నాటకాల నుంచి సినిమాల దాకా వస్తూనే ఉంది. 2018లో వచ్చిన 'రంగస్థలం'లో కథానాయకుడు చిట్టిబాబుకు వినికిడి తక్కువ, ఊరంతా సౌండింజనీరు అని పిలుస్తుంది. అయినా ఆ సినిమాలో ఆడిపాడేది అతనే. ఊళ్లలో చూసినవాళ్లకు అందులో వింతేమీ కనిపించదు.

ఎందుకంటే మా వైపు పాట ఒట్టి చెవి కోసం పుట్టింది కాదు. బతుకమ్మ చూడండి. ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతారు కాబట్టి ఒకరి మొహం ఒకరికి కనిపిస్తుంది. అడుగు, చప్పట్లు కలిసి పడతాయి కాబట్టి లయ కంటికి అందుతుంది. ఒకరు పాదం ఎత్తుకుంటారు, మిగతావాళ్లు దాన్నే తిరిగి అంటారు, చివర అదే మకుటం వస్తుంది. మొదటిసారి జారిన మాట రెండోసారి దొరుకుతుంది. వినికిడి తగ్గిన అవ్వ కూడా ఆ వలయంలో ఎక్కడా తప్పిపోదు. ఒగ్గు కథ కూడా అంతే. శామీర్‌పేట మీదుగా పోయే రాజీవ్ రహదారి పట్టుకుని, సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాల్లో కొమురవెల్లి మల్లన్న జాతరకు జనం పోతారు. అక్కడ ఒగ్గు డోలు మోగితే చెవికంటే ముందు గుండెకు తెలుస్తుంది. బోనాల నాడు డప్పు మోగితే అరికాలికి తెలుస్తుంది. ఒగ్గు కథలో కథకుడి మాటకు వంతలు వంత పాడుతుంటే కథ రెండుసార్లు అందుతుంది.

ఒంటితో వినడం కట్టుకథ కాదు. స్కాట్లండ్‌కు చెందిన ఎవెలిన్ గ్లెన్నీకి పన్నెండేళ్లు వచ్చేసరికి వినికిడి దాదాపుగా పోయింది. ఆమె గురువు పెద్ద డోళ్లు వాయిస్తూ, గోడ మీద చేతులు పెట్టి ధ్వని ఎక్కడ తెలుస్తోందో చూసుకోమన్నాడు. కొన్ని స్వరాలు వేళ్ల కొసల్లో, కొన్ని మణికట్టులో తెలిశాయి. తర్వాత ఆమె తాళవాద్యాలు ఒంటరిగా వాయిస్తూ ప్రపంచమంతా కచేరీలు చేసింది. అదురు బాగా తెలియాలని తరచు చెప్పులు లేకుండా వేదిక ఎక్కుతుంది. మీరూ ప్రయత్నించవచ్చు. పాట వినేటప్పుడు స్పీకరు పెట్టె మీద అరచేయి ఆనించండి. చెవిలో రాని మంద్రం చేతిలో వస్తుంది.

ఇప్పుడు చిన్నపిల్లల గురించి ఒక మాట. పుట్టుకతో వినికిడి లేని పిల్లలకు కాక్లియాలో పరికరం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లు ఆరోగ్యశ్రీ పథకం కింద కూడా జరుగుతున్నాయి. ఇంప్లాంటులో ధ్వనిని నరానికి అందించే బిందువులు, రకాన్ని బట్టి, 12 నుంచి 22. ఇందాక చెప్పాను, మామూలు చెవిలో ఆ పని చేసే కణాలు 3,500. అందువల్ల ఇంప్లాంటుతో లయ దాదాపు అందరిలాగే అందుతుంది, స్వరాల మధ్య తేడా అంత తేలిగ్గా అందదు. పెద్దయ్యాక వినికిడి పోయి ఇంప్లాంటు పెట్టించుకున్నవాళ్లు మొదట్లో పాట రేకు డబ్బా మోగినట్టుందంటారు, ఎందుకంటే వాళ్లకు వెనకటి పాట గుర్తుంటుంది. పుట్టుకతో లేని పిల్లకు అది వినబడే తీరే పాట. హాయిగా గంతులేస్తుంది. అమ్మలూ నాన్నలూ, ఈ పిల్లకు పాటలెందుకు అనకండి. మాటలు నేర్పించినట్టే, చప్పట్లతో మొదలుపెట్టి పాటలూ నేర్పించండి. లయ పట్టిన పిల్లకు మాటల విరుపు కూడా తొందరగా పట్టుబడుతుంది.

ఇంకో సంగతి ఇళ్లలో బయటికి చెప్పుకోనిది. వినికిడి బాగా తగ్గిన ముసలివాళ్లు కొందరు, రాత్రిపూట ఎక్కడో భజన జరుగుతోందనో, మైకులో పాట వస్తోందనో అంటారు. బయట ఏమీ ఉండదు. ఇంట్లోవాళ్లు మతి చలించిందనుకుంటారు, గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. చెవి నుంచి రావలసిన ధ్వని తగ్గిపోయినప్పుడు మెదడు తన దగ్గరున్న పాటను తానే మోగించుకోవడం వైద్యులకు తెలిసిన విషయమే. ఆలివర్ సాక్స్ అనే నరాల డాక్టరు 2007లో సంగీతం, మెదడు గురించి రాసిన పుస్తకంలో ఇలాంటివాళ్ల గురించి చాలా రాశాడు. మీడియం వేవ్ పాటను పూరించిన మనసే ఇక్కడ పూర్తి పాటను తయారుచేస్తోంది. ఒకసారి డాక్టరుకు చూపించండి. చెవి మిషను పెట్టుకుని, బయటి ధ్వనులు మళ్లీ అందడం మొదలైతే చాలామందికి ఆ పాటలు తగ్గుతాయి.

ఇక ఉన్న వినికిడిని కాపాడుకోవడం. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో ఎనిమిది గంటలు ఉండవచ్చు. ఆ పైన ప్రతి మూడు డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర పదిహేను నిమిషాలే. ఇప్పుడు మేడ్చల్, శామీర్‌పేట రోడ్ల వెంట ఉన్న ఫంక్షన్ హాళ్లలో డీజే ముందు పిల్లలు ఎంతసేపు ఉంటున్నారో మీరే చూస్తున్నారు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వద్దని 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు చెబుతున్నాయి. పది లోపల మోగేవాటికి కూడా హద్దులున్నాయి. నియమం సంగతి అలా ఉంచి, స్పీకరు నుంచి దూరం జరగండి. ఆరుబయట దూరం రెట్టింపయిన ప్రతిసారీ ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. డప్పు కొట్టేవాళ్లు, బ్యాండు మేళం వాళ్లు, డీజే నడిపేవాళ్లు, కార్ఖానాల్లో పనిచేసేవాళ్లు చెవుల్లో ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోవాలి. పాట మీదే బతికేవాళ్లకు చెవే పెట్టుబడి.

2024 జూన్‌లో హిందీ గాయని అల్కా యాగ్నిక్, వైరస్ సోకడం వల్ల తనకు అకస్మాత్తుగా నరాల చెవుడు వచ్చిందని ప్రకటించారు. పెద్ద శబ్దాల గురించి, హెడ్‌ఫోన్ల గురించి జాగ్రత్తగా ఉండమని అభిమానులకు చెప్పారు. దీనిలో మనం పట్టుకోవలసింది అకస్మాత్తు అన్న సంగతి. పొద్దున లేచేసరికి ఒక చెవి మూసుకుపోయినట్టుంటే, గులిమి అనుకుని నూనె చుక్కలు వేసుకుంటూ కూర్చోకండి. అదే రోజో మరునాడో ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇలాంటి చెవుడుకు మందు మొదట్లో వాడితేనే ఫలితం ఉంటుంది, ఆలస్యమైతే తిరిగొచ్చే అవకాశం తగ్గిపోతుంది.

ఎక్కడికి వెళ్లాలి? మేడ్చల్ నుంచి సికింద్రాబాదు పోయే దారిలోనే బోయిన్‌పల్లి వస్తుంది. అక్కడి మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ వైకల్యాల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అసలు సంస్థను 1983లో ముంబైలో పెట్టారు. పేరు మాత్రం మన హైదరాబాదు వాడిదే. అలీ యావర్ జంగ్ ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్‌చాన్సలర్‌గా, తర్వాత మహారాష్ట్రకు గవర్నర్‌గా పనిచేశారు. ఆ కేంద్రంలో వినికిడి పరీక్ష చేస్తారు. కేంద్ర ప్రభుత్వ పథకం కింద ఆదాయాన్ని బట్టి మిషను ఉచితంగా గానీ సగం ధరకు గానీ దొరుకుతుంది. కోఠీలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం వినికిడికి చికిత్సో సాయమో కావలసినవాళ్లు ప్రపంచంలో 43 కోట్ల మందికి పైనే. కాబట్టి చెవికి మిషను పెట్టుకోవడానికి సిగ్గుపడేవాళ్లు, అంత పెద్ద గుంపులో సిగ్గెందుకో ఆలోచించుకోవాలి. కంటికి అద్దాలు పెట్టుకోవడానికి లేని సిగ్గు చెవి దగ్గరే ఎందుకు వస్తుంది?

పరీక్షకు వెళ్లేటప్పుడు ఫోనులో మీకు బాగా వచ్చిన పాట ఒకటి వెంట తీసుకువెళ్లండి. మిషను సర్దాక ఆ పాట వినిపించమని అడగండి. బాగుంటే బాగుందని, స్వరం వణుకుతుంటే వణుకుతోందని, బోలుగా ఉంటే బోలుగా ఉందని చెప్పండి. నెల తర్వాత మళ్లీ వెళ్లి అదే పాట మళ్లీ వినిపించుకుని, మళ్లీ సర్దించుకోండి. ఇంట్లో ఉన్న పిల్లలకు నా మనవి కూడా ఇదే. మీ తాతకో అమ్మమ్మకో మిషను కొనిపెట్టి బాధ్యత తీరిందనుకోకండి. వాళ్లకు నచ్చిన పది పాటలు ఏరి, సాహిత్యం పెద్ద అక్షరాలతో రాసిచ్చి, మొదటి వారం పక్కన కూర్చుని కలిసి వినండి. మీ మాటలు వాళ్లకు అర్థం కావాలని మీరు పడే తాపత్రయంలో, వాళ్ల పాట వాళ్లకు దక్కాలన్న తాపత్రయం కూడా కొంచెం కలపండి.